కమసాన్ బట్టచిత్రంలో బ్రాయుత్ కుటుంబం: పద్దెనిమిదో బిడ్డ ఎక్కడ?

సంధ్యాదీపం

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1970లలో వాణిజ్య నౌకలపై ఇంజనీరుగా పనిచేసేవారు. ఒకసారి వారి ఓడ బాలి ద్వీపంలోని బెనోవా రేవులో ఆగినప్పుడు ఆయన క్లుంగ్కుంగ్ ఊరి దాకా వెళ్ళి, అక్కడ ఒక బట్టచిత్రం కొని తెచ్చారు. విశాఖపట్నంలో మా ఇంటి ముందుగదిలో నలభై ఏళ్ళకు పైగా వేలాడిన ఆ చిత్రం, నాన్నగారు పోయిన తరువాత నా దగ్గరికి వచ్చింది.

దాదాపు గజం వెడల్పున్న నూలుగుడ్డ అది. రంగులు ఎక్కువగా ఇటుక ఎరుపు, కావి, పసుపు, నలుపు. అక్కడక్కడ కాస్త నీలం కూడా ఉంది. మధ్యలో ఒక స్త్రీ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒక బిడ్డ ఆమె కుడి రొమ్మును, ఇంకొక బిడ్డ ఎడమ రొమ్మును పట్టుకుని ఉంటే, ఒకడు భుజమెక్కి జుట్టు లాగుతున్నాడు, మరొకడు మోకాలి మీద బోర్లా పడుకున్నాడు. ఎడమవైపున పొట్ట ముందుకొచ్చిన ఒక మగమనిషి మొద్దు మీద మాంసం కొడుతున్నాడు. కుడివైపున పొయ్యి, కుండలు, అరటి ఆకులు, వాటి చుట్టూ మళ్ళీ పిల్లలు ఉన్నారు. ఇది బ్రాయుత్ దంపతుల కథ అనీ, వారికి పద్దెనిమిది మంది సంతానం అనీ నాన్నగారు చెప్పేవారు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిహేడుగురే వచ్చేవారు. నిన్న మళ్ళీ లెక్కపెట్టాను, పదిహేడుగురే.

కథ పూర్తిగా తెలిసినవారు చెప్పగలరా? ఇంకొక సంగతి ఏమిటంటే, బట్ట మీద పొగచూరినట్లు ఒక మసక పేరుకుంది. తడిగుడ్డతో తుడవవచ్చా అన్నది కూడా తెలుపగలరు.

డెన్పసార్ తెలుగు

సంధ్యాదీపం గారూ, మీ ప్రశ్న చూడగానే ప్రాణం లేచివచ్చింది. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్ళుగా బాలిలోనే ఉంటున్నాను, కమసాన్ గ్రామానికి అనేకసార్లు వెళ్ళాను. క్లుంగ్కుంగ్ పట్టణానికి దక్షిణాన, నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఈ ఊరి చిత్రకారులే ఒకప్పుడు గెల్గెల్ రాజులకూ, ఆ తరువాత క్లుంగ్కుంగ్ రాజులకూ ఆస్థాన చిత్రకారులుగా ఉండేవారు. మీ చిత్రం ఆ ఊరి సంప్రదాయానిదే అని మీ వర్ణనను బట్టి చెప్పవచ్చు. మీ నాన్నగారు వెళ్ళిన ఆ దశకంలోనే, 1972-73లో, ఆంథొనీ ఫోర్జ్ అనే మానవశాస్త్రవేత్త కమసాన్‌లో నివసించి ఎన్నో చిత్రాలు సేకరించారు. అవి ఇప్పుడు సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక కథ. పాన్ అంటే తండ్రి, మెన్ అంటే తల్లి. బాలిలో సామాన్య కుటుంబాల్లో మొదటి బిడ్డ పుట్టగానే తల్లిదండ్రులను ఆ బిడ్డ పేరుతో, "ఫలానావాళ్ళ నాన్న", "ఫలానావాళ్ళ అమ్మ" అన్నట్లుగా పిలవడం పాత ఆచారం. మన ఇళ్ళలో భర్త పేరు పలకకుండా "బుజ్జివాళ్ళ నాన్న" అనే అలవాటు ఉన్నది కదా, దాదాపు అటువంటిదే. పాన్ బ్రాయుత్, మెన్ బ్రాయుత్ నిరుపేదలు, గంపెడు సంతానం కలవారు. కథ గలుంగన్ పండుగకు ముందురోజు మొదలవుతుంది. 210 రోజులకొకసారి వచ్చే ఈ పండుగకు పితృదేవతలు ఇళ్ళకు దిగివస్తారని అక్కడివారి నమ్మకం. ముందురోజును పెనంపహన్ అంటారు. ఆ రోజు పంది మాంసం కొట్టి, కొబ్బరి కోరు, మసాలాలు కలిపి లావర్ అనే వంటకం చేస్తారు. మీ చిత్రంలో పొట్ట ఉన్న మనిషి మొద్దు మీద కొడుతున్నది ఆ మాంసమే.

ఇంటి పని, వంట పని, నైవేద్యం పని అన్నీ పాన్ బ్రాయుత్ నెత్తిన ఉంటాయి. మెన్ బ్రాయుత్ నిద్రపోతుంది, లేచి తింటుంది, పిల్లలకు పాలిస్తుంది. ఇద్దరూ పోట్లాడుకుంటారు. కాలం గడిచి పిల్లలు పెరిగి పెళ్ళిళ్ళు చేసుకుంటారు, ముసలి దంపతులు ఇల్లు పిల్లలకు అప్పగించి ధ్యానంలోకీ తపస్సులోకీ వెళ్ళిపోతారు. పద్యరూపంలో పాడుకునే ఈ కథను బట్ట మీద వేయని కమసాన్ చిత్రకారుడు ఉండడనే చెప్పవచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలని ఉంది. కమసాన్ శైలి తోలుబొమ్మల శైలి. ముఖం ముప్పావు వంతు మనవైపు తిరిగి ఉంటుంది, రాజులకూ దేవతలకూ సన్నని కళ్ళు, కిరీటాలు, ఆభరణాలు ఉంటాయి, రాక్షసులకు గుండ్రని గుడ్లు, కోరలు ఉంటాయి. రామాయణ భారతాలకోసం, దేవతలకోసం ఏర్పడిన ఆ రేఖల భాషలోనే ఒక పేదవాడి వంటిల్లు వేశారు. అది కూడా ఏదో మూలన కాదు, క్లుంగ్కుంగ్ రాజప్రాసాదంలో, నీటి మధ్య నిలిచిన బలే కంబంగ్ మండపం పైకప్పు మీద! అక్కడ అన్నిటికన్నా కింది వరుసలో నక్షత్రఫలాల బొమ్మలు, వాటిపైన బ్రాయుత్ కుటుంబం, ఆపైన సుతసోముడి కథ ఉంటాయి. కింద నిలబడి తల ఎత్తితే, రాజకుమారుడు సుతసోముడి కన్నా ముందు కంటికి తగిలేది ఈ గంపెడు పిల్లల ఇల్లే.

పాతపుస్తకం

వివరణ చాలా బాగున్నది. అయితే ఈ కథను కేవలం పేదల పట్ల ప్రేమగా మాత్రమే చదవవచ్చునా అని నా సందేహం. పండుగపూట దేవుడి కోసం వండినది తినివేసి పడుకునే ఇల్లాలు, ఇంటిపని నెత్తిన వేసుకుని సణుగుతూ చేసే మగడు అంటే, ఇది బద్ధకస్తురాలైన భార్య గురించిన నీతికథ అని అనిపించడం లేదా? రాజప్రాసాదంలో దీన్ని వేయించడానికి కారణం ప్రజలకు బుద్ధి చెప్పడమే కావచ్చు. సరిగ్గా ఆ పక్కనే ఉన్న కెర్త గోస మండపం ఒకప్పటి న్యాయస్థానం. దాని పైకప్పు మీద భీముడు తన తండ్రి పాండురాజునూ మాద్రినీ విడిపించడానికి యమలోకానికి వెళ్ళిన కథ, దారిలో పాపులు అనుభవించే శిక్షలు వరుసగా ఉంటాయి. అటువంటి ఆవరణలో ఉన్న చిత్రాన్ని శిక్షణగా చూడడమే సహజమని నా అభిప్రాయం.

సంధ్యాదీపం

పాతపుస్తకం గారూ, మీ మాట కాదనలేను గాని, నా ఎదురుగా ఉన్న బొమ్మ ఆ మాట అనడం లేదు. ఆమె ముఖాన్ని ఈ ఉదయం చాలాసేపు చూశాను. కళ్ళ కింద నల్లగీత రెండుసార్లు లాగి ఉంది, రొమ్ములు జారిపోయి పొట్ట మీదికి వేలాడుతున్నాయి, జబ్బల దగ్గర ఎముక తెలిసేలా ఒక వంపు ఉంది. కుడిచేతిలో అన్నం ముద్ద ఉంది గాని అది నోటిదాకా రాలేదు, మోకాలి మీది పిల్లవాడు మణికట్టు పట్టుకున్నాడు. నిద్రపోయి లేచి తింటున్న బద్ధకస్తురాలిని వేయదలచినవాడు ఆ ముద్దను అలా మధ్యలో ఆపుతాడా?

నాకు ఇద్దరే పిల్లలు. చంటిబిడ్డకు పాలిచ్చే రోజుల్లో రాత్రి రెండు గంటలకు లేచి వంటింట్లో నిలబడి చద్దన్నం తిన్న జ్ఞాపకం నాకింకా ఉంది. ఆ ఆకలిని బద్ధకం అనడానికి నా మనసు ఒప్పుకోదు.

డెన్పసార్ తెలుగు

సంధ్యాదీపం గారి మాటకు కథలోనే ఆధారం ఉన్నది. భర్త కోప్పడితే మెన్ బ్రాయుత్ ఊరుకోదు, ఇంతమందిని కని పాలిస్తున్నాను కనుకనే నాకింత ఆకలి అని ఎదురు సమాధానం చెబుతుంది. వినేవారు ఆ వాదం విని నవ్వుతారు, కాని ఆమెను ఓడించరు. బాలి ప్రజలు ఆమెను చెడ్డ స్త్రీకి ఉదాహరణగా కన్నా, సంతానసమృద్ధికి గుర్తుగా ఎక్కువగా తలుచుకుంటారు.

అద్దకం

శుభ్రపరచడం గురించి అడిగారు కనుక ముందు ఆ సంగతి చెబుతాను. దయచేసి తడిగుడ్డ తగలనివ్వకండి. నేను శ్రీకాళహస్తిలో కలంకారీ పని నేర్చుకున్నాను. మా పనిలో బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి, ఇనుపముక్కలు, బెల్లం నానబెట్టి పులియబెట్టిన కసిమితో నల్లగీతలు గీస్తాము. రంగు నూలులోకి ఇంకిపోతుంది కనుక బట్టను పారే నీటిలో మళ్ళీ మళ్ళీ జాడిస్తాము, నీరే మా పనికి ప్రాణం. కమసాన్ పని అందుకు పూర్తిగా భిన్నం. అక్కడ నూలుగుడ్డను బియ్యప్పిండి గంజిలో ముంచి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది రుద్ది నునుపు చేస్తారు. రంగు ఆ గంజిపొర మీద నిలుస్తుంది తప్ప దారంలోకి దిగదు. తడి తగిలితే గంజి కరుగుతుంది, గంజితోపాటు బొమ్మ కూడా పోతుంది.

ఈ విషయంలో కమసాన్‌కు దగ్గరి చుట్టం మా కాళహస్తి కన్నా తెలంగాణలోని చేర్యాల. అక్కడి నకాషీలు కూడా ఖాదీగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆ పొర మీదే బొమ్మ వేస్తారు. ఒక్కొక్క కులంవారి పుట్టుక కథను పటం మీద వేసి, దాన్ని విప్పుతూ ఊరివారికి పాడి చెప్పే ఆనవాయితీ ఆ పటాలది. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. గుడ్డ, గంజి, కథ అందుబాటులో ఉన్నచోట చేతికి తోచిన దారి ఇంచుమించు ఒకటే అయిందని మాత్రం అనుకుంటున్నాను.

రంగుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ఎరుపు చైనా నుంచి వచ్చే ఇంగిలీకం, నలుపు దీపపు మసి, తెలుపు కాల్చిన ఎముకల బూడిద, పసుపు, కావి రంగులు రాళ్ళను నూరి తీసినవి. వాటిని జిగురుతో కలిపి పూస్తారు. గంజి ఉన్న బట్ట కనుక పురుగుకు ఇష్టం, విశాఖ తేమ అసలే పనికిరాదు. గోడకు ఆనించకుండా కొంత ఎడం ఉంచి, ఎండ తగలని గదిలో పెట్టండి. పైన ప్లాస్టిక్ పొర మాత్రం వేయించకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడానికి మించి మీరు ఏమీ చేయవద్దు, మసక పోవాలంటే బట్టచిత్రాల సంరక్షణ తెలిసినవారికి చూపించాలి. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇటువంటి పటాన్నే డ్రైక్లీనింగ్‌కు ఇచ్చారు. తిరిగి వచ్చిన బట్ట మీద ముఖాలు లేవు.

విజయపురి

ఆలస్యంగా చేరుతున్నందుకు మన్నించండి. బాలిలో ఉబుద్ పట్టణానికి దగ్గర్లో గోవా గజ అనే గుహ ఉంది. అక్కడ పిల్లలు చుట్టూ మూగిన ఒక స్త్రీ శిల్పాన్ని స్థానికులు మెన్ బ్రాయుత్ అని పిలుస్తారు. శిల్పశాస్త్రం తెలిసినవారు ఆమెను బౌద్ధుల హారీతిగా గుర్తించారు. హారీతి కథ మనలో చాలామందికి తెలిసే ఉంటుంది. రాజగృహంలో పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణి ఆమె. ఆమెకు అయిదువందల మంది సంతానం. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర కింద దాచాడు. ఒక్క బిడ్డ కనబడకపోతే లోకమంతా వెతికి ఏడ్చిన ఆమెతో, ఒకరో ఇద్దరో ఉన్న తల్లుల దుఃఖం ఎంత ఉంటుందో ఆలోచించమన్నాడు. ఆనాటి నుంచి ఆమె పిల్లలను కాపాడే దేవత అయింది.

ఆ హారీతికి మన నాగార్జునకొండలో కూడా గుడి ఉండేది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, రాతిమెట్ల రంగస్థలానికి దగ్గర్లో ఉన్న ఆ గుడిని, నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోకుండా రంగస్థలంతో పాటు అనుపు అనే చోటికి తరలించి నిలబెట్టారు. వేంగీ చాళుక్యులు తమ శాసనాల్లో తమను తాము హారీతీపుత్రులమని చెప్పుకున్నారు కూడా. సంధ్యాదీపం గారి పద్దెనిమిదో బిడ్డ కూడా ఏదో పాత్ర కింద దాగి ఉన్నాడేమో చూడమని నా విన్నపం.

పాతపుస్తకం

విజయపురి గారూ, శిల్పం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే చాళుక్యుల హారీతీపుత్ర బిరుదాన్ని హారీత మహర్షితో ముడిపెట్టి చెప్పేవారు కూడా ఉన్నారు కనుక, దాన్ని ఈ తల్లికి నేరుగా కట్టబెట్టడానికి నేను వెనకాడతాను. అలాగే గుహ దగ్గరి హారీతిని మెన్ బ్రాయుత్ అని పిలవడం వేరు, హారీతి కథ నుంచే బ్రాయుత్ కథ పుట్టిందనడం వేరు. రెండు కథలకూ గంపెడు పిల్లలు ఉండడం తప్ప పోలిక లేదు. ఒక శిల్పం అర్థం మరుగునపడిన తరువాత, చూసినవారు తమకు తెలిసిన గంపెడు పిల్లల తల్లి పేరు దానికి పెట్టుకొని ఉంటారు. ఏది ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆరాటంలో బాలివారి సొంత కల్పనను మనం మన ఖాతాలో వేసుకోకూడదు.

సంధ్యాదీపం గారు అన్నం ముద్ద గురించి రాసినది చదివిన తరువాత, బద్ధకస్తురాలి నీతికథ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే న్యాయస్థానం పక్కనే ఈ చిత్రం ఎందుకు అన్న ప్రశ్న ఇంకా నన్ను వదలలేదు. కెర్త గోస నరకశిక్షలలో, బిడ్డకు పాలివ్వని స్త్రీ రొమ్మును ఒక పెద్ద గొంగళిపురుగు కుడుస్తున్న బొమ్మ ఉంది. ఒక మండపంలో ఆ పురుగు, పక్క మండపంలో ఈ పిల్లల గుంపు. ఈ రెండు బొమ్మలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయనే నాకు తోస్తున్నది.

మల్లెపందిరి

ఆ గొంగళిపురుగు బొమ్మను నేను చూశాను. సంతానం లేని స్త్రీకి పడే శిక్ష అది అని ఆ రోజు మార్గదర్శి మాకు చెప్పాడు. నాకు పిల్లలు లేరు. మిగతా యాత్రికులు ఫొటోలు తీసుకుంటుంటే నేను మెట్లు దిగి బయటికి వచ్చేశాను. ఆ తరువాత నీటి మధ్యనున్న మండపంలోకి వెళ్ళి పైకి చూస్తే ఈ తల్లి, ఈ పిల్లలు. అప్పుడు నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు, చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. పాతకాలపు చిత్రాలను గౌరవించడమంటే వాటిలోని ప్రతి తీర్పునూ గౌరవించడం కాదని మాత్రం ఇక్కడ చెప్పదలచుకున్నాను.

డెన్పసార్ తెలుగు

మల్లెపందిరి గారూ, మీ మాట రాసినందుకు కృతజ్ఞతలు. ఆ బొమ్మను ఎంతోమందికి చూపించాను గాని, నా పక్కన నిలబడినవారికి అది ఎలా తగులుతుందో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ పైకప్పుల గురించి ఒక మాట చెప్పాలి. 1908 ఏప్రిల్ 28న డచ్చి సైన్యానికి ఎదురుగా రాజూ, పరివారమూ ప్రాణాలకు తెగించి నడిచి వెళ్ళి నేలకొరిగిన తరువాత, క్లుంగ్కుంగ్ ప్రాసాదంలో చాలా భాగం నాశనమైంది. మిగిలినవాటిలో ఈ రెండు మండపాలున్నాయి. కెర్త గోస చిత్రాలు మొదట బట్ట మీదే ఉండేవి. 1930లో వాటిని ఆస్బెస్టాస్ పలకల మీద తిరిగి వేశారు, 1960లో పాన్ సెకెన్ అనే కమసాన్ చిత్రకారుడి ఆధ్వర్యంలో మరొకసారి వేశారు. పాన్ సెకెన్ అనే ఆ పేరు కూడా ఏదో ఒక బిడ్డ తండ్రి పేరే, గమనించారా! అందుచేత ఆ పైకప్పును ఒకే కాలపు ఒకే రాజు బుద్ధిగా చదవడం కష్టం. తరం తరువాత తరం చేతులు దాని మీద పనిచేశాయి.

ఇక లెక్క సంగతి. కమసాన్ చిత్రంలో ఒకే మనిషి రెండు మూడు చోట్ల కనబడవచ్చు. రాళ్ళ వరుసలాగానో గోడలాగానో ఉండే అడ్డు ఒక ఘట్టాన్ని ఇంకొక ఘట్టం నుంచి వేరుచేస్తుంది. పొయ్యి దగ్గరి పిల్లలూ, తల్లి మీది పిల్లలూ వేర్వేరు ఘట్టాలవారైతే మొత్తం కలిపి లెక్కపెట్టకూడదు. అడ్డు ఉన్నదీ లేనిదీ ముందు చూడండి. పైగా పద్దెనిమిదిమందినీ వేసితీరాలన్న నియమం చిత్రకారులకు లేదు.

పిల్లల పేర్ల గురించి కూడా చెబుతాను. బాలిలో సామాన్య కుటుంబాల్లో మొదటి బిడ్డ వయాన్, రెండోది మదె, మూడోది న్యోమన్, నాలుగోది కెతుత్. అయిదో బిడ్డ పుడితే మళ్ళీ వయాన్ నుంచి మొదలు. మదె అనే పేరు మన "మధ్య" నుంచి వచ్చినదే. బ్రాయుత్ ఇంట్లో ఈ వరుస నాలుగుసార్లు పూర్తిగా తిరిగి, ఇంకా ఇద్దరు మిగులుతారు. మన ఊళ్ళలో "మేమిద్దరం మాకిద్దరు" అన్న గోడరాతలు ఉన్న రోజుల్లోనే ఇండొనేసియాలో "ఇద్దరు పిల్లలు చాలు" అన్న ప్రచారం సాగింది. బాలిలో అది ఊరి బంజార్ సంఘాల ద్వారా ఇంటింటికీ చేరి ఎంతో ఫలించింది. ఫలితంగా న్యోమన్, కెతుత్ అనే పేర్లు పెట్టే అవసరమే తగ్గిపోయింది. 2019లో అక్కడి గవర్నరు నలుగురు పిల్లల కుటుంబాన్ని తిరిగి ప్రోత్సహించమని ఆదేశించారంటే, ఆ పేర్లు కనుమరుగవుతాయన్న దిగులు ఎంత ఉన్నదో గ్రహించవచ్చు.

అద్దకం

అడ్డు వెతికేటప్పుడు ఒక పని చేయండి. గదిలో దీపాలార్పి, చేతిలైటును చిత్రానికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, బట్టకు ఏటవాలుగా పట్టండి. పొరలు, గీతలు, దిద్దుబాట్లు నీడతో బయటపడతాయి. కమసాన్‌లో బొమ్మ గీసే చేయి ఒకటి, రంగు నింపే చేయి ఒకటి. పెద్ద చిత్రకారుడు రేఖలు గీసి ఇస్తే, ఇంటి ఆడవాళ్ళూ పిల్లలూ రంగులు నింపుతారు, ఆ తరువాత చివరి నల్లగీత మళ్ళీ నిపుణుడు దిద్దుతాడు. 2018లో మరణించిన న్యోమన్ మంద్ర వంటి ప్రసిద్ధ చిత్రకారులు ఊరి పిల్లలను తమ ఇంట్లో కూర్చోబెట్టి ఈ వరుసనే నేర్పారు. ఇన్ని చేతులు మారే పనిలో ఒక గీత తప్పిపోవడం అసాధ్యమేమీ కాదు.

సంధ్యాదీపం

అందరికీ నా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా తమ్ముడు కూడా వచ్చాడు. ఇద్దరం కలిసి అద్దకం గారు చెప్పినట్లే చూశాము.

డెన్పసార్ తెలుగు గారు చెప్పిన అడ్డు ఉంది. పొయ్యికీ తల్లికీ మధ్య నిలువుగా వెళ్ళిన ఎర్రరాళ్ళ వరుసను ఇన్నాళ్ళూ ఇంటిగోడ అనుకున్నాము. అంటే మా పదిహేడు లెక్కే సరైనది కాదు. తల్లి ఉన్న ఘట్టంలో పదిమంది, పొయ్యి దగ్గర ఏడుగురు ఉన్నారు. ఆ ఏడుగురిలో ఇద్దరు తల్లి దగ్గరున్నవారిలోని ఇద్దరే అని నడుము గుడ్డల గళ్ళను బట్టి తమ్ముడు గుర్తుపట్టాడు. కుండల కింద ఎవరూ లేరు, విజయపురి గారూ. అన్ని కుండలూ చూశాము.

తరువాత లైటును ఎడమవైపు నుంచి పట్టుకుని మెల్లగా కిందికి దించుతుంటే, తల్లి వీపు వెనుక, కావిరంగు చీరకుచ్చు అనుకున్నచోట, రంగు పలచబడిన అడుగున ఒక సన్నని గీత కనబడింది. అయిదు చిన్న వేళ్ళు. బొటనవేలి పొడవుకు మించని ఒక చేయి ఆమె వీపుగుడ్డ అంచును లోపలి నుంచి పట్టుకుని ఉంది. ముందు గీసినవారు అక్కడ ఒక బిడ్డను వేశారు. రంగు నింపినవారికి అది గుడ్డ మడతగా కనబడినట్లుంది, ఆ చేతి మీదుగానే కావి పూసుకుంటూ పోయారు. చివరి నల్లగీత దిద్దినవారు కూడా దాన్ని తిరిగి తీయలేదు.

తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత లైటు నా చేతికిచ్చి, "అక్కా, ఇంకొంచెం కిందికి పట్టు, ముఖం కూడా ఉందేమో" అన్నాడు. ముఖం గీసి లేదు. చేయి ఒక్కటే ఉంది.